ప్రాణం ఉంది, సంతకం లేదు

(వయసు మళ్ళినవారు, వారిని చూసుకునే కుటుంబ సభ్యులు హాజరైన సమావేశంలో ఒక రిటైర్డ్ బ్యాంకు అధికారి మాట్లాడింది. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. మైకు వెనక దాకా వినిపిస్తోందా? చివరి వరసలో పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు, ఉండండి, దగ్గరగా పట్టుకుంటాను. ఇప్పుడు? సరే.

మొదలుపెట్టే ముందే ఒకటి చెప్పేస్తాను. నేను లాయర్ని కాను. 31 ఏళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషిని. కౌంటరు అవతల నిలబడి బతిమాలినవాళ్ళని, అరిచినవాళ్ళని, డెత్ సర్టిఫికెట్ చేత్తో పట్టుకుని ఏం అడగాలో తెలియక అలా నిలబడిపోయినవాళ్ళని చూసినవాణ్ణి. కాబట్టి చట్టం గురించి చెప్పినా అది కౌంటర్లోంచి ఎలా కనిపించిందో అలాగే చెప్తాను. మీ ఇంటి కాగితాలు రాయించుకునేటప్పుడు మాత్రం లాయరు దగ్గరికే వెళ్ళండి. లక్షల ఆస్తి పెట్టుకుని ఫీజు దగ్గర బేరాలాడకండి.

చేతులెత్తమంటాను, మొహమాటపడొద్దు. వీలునామా రాసినవాళ్ళు? ఓ పది పన్నెండు మంది. పర్లేదు, నేననుకున్నదానికంటే ఎక్కువే. బ్యాంకు ఖాతాలకి నామినీ పెట్టినవాళ్ళు? దాదాపు అందరూ. బాగుంది. ఇప్పుడు మూడోది. రేపు పొద్దున మీకు పక్షవాతం వచ్చి, మాట పడిపోయి, ఆరు నెలలు మంచం మీద ఉన్నారనుకుందాం. మీ ఖాతాలో ఉన్న మీ డబ్బు మీ మందుల కోసం తీయడానికి ఇంట్లో ఎవరికైనా చట్టప్రకారం దారి ఉందా? ఉందన్నవాళ్ళు ఎత్తండి.

అమ్మా, మీరొక్కరే ఎత్తారు. ఏం ఏర్పాటు చేశారు? కోడలికి ఏటీఎం పిన్ను తెలుసంటున్నారు. (నవ్వులు) నవ్వకండి, నాకు తెలిసిన ఇళ్ళన్నీ అలాగే నడుస్తున్నాయి, మా ఇల్లూ కొన్నాళ్ళు అలాగే నడిచింది. కార్డు, పిన్ను ఇంకొకరికి ఇవ్వకూడదన్నది బ్యాంకు నిబంధన, ఆ సంగతి చెప్పాల్సిన ఉద్యోగంలో ఉండి నేనే ఆ పని చేశాను.

మనలో చాలామంది చావుకైతే సిద్ధపడ్డాం. వీలునామా, నామినీ రెండూ మనం పోయాక పనికొచ్చేవే. ఒంట్లో బాగున్నంతకాలం మన సంతకం మనమే పెట్టుకుంటాం, గొడవ లేదు. ఈ రెంటికీ మధ్యలో ఒక కాలం ఉంటుంది, కొందరికి వారం, కొందరికి ఏడెనిమిదేళ్ళు. ప్రాణం ఉంటుంది, సంతకం ఉండదు. ఇవాళ నేను మాట్లాడేదంతా దాదాపు ఆ కాలం గురించే.

సర్వీసులో ఉండగా ఒకసారి ఆస్పత్రికి వెళ్ళాను. మా ఖాతాదారు ఒకాయనకి పక్షవాతం, కుడిపక్క మొత్తం పోయింది, ఎడమ చేతికి సెలైన్ పెట్టి కట్టు కట్టారు. ఆయన భార్య బ్రాంచికి వచ్చి, సంతకం పెట్టలేరండీ, ఆస్పత్రి బిల్లు కట్టాలి అని నిలబడింది. ఇలాంటప్పుడు ఏం చేయాలో రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి ఎప్పుడో చెప్పి ఉంచింది. సంతకం పెట్టలేకపోతే వేలిముద్ర తీసుకోవచ్చు, చేతి వేలు కుదరకపోతే కాలి వేలి ముద్ర, అదీ కుదరకపోతే ఏదో ఒక గుర్తు. ఇద్దరు సాక్షులు చూడాలి, అందులో ఒకరు బాధ్యత గల బ్యాంకు ఉద్యోగి అయి ఉండాలి. నేను విత్‌డ్రాయల్ ఫారం, ఇంకు ప్యాడు జేబులో వేసుకుని వెళ్ళాను. నర్సమ్మ దుప్పటి పక్కకి తీసింది. ఎడమ కాలి బొటనవేలికి ప్యాడు ఆనిస్తే చల్లగా తగిలిందేమో ఆయన కాలు వెనక్కి లాక్కున్నారు, మొదటి ఫారం మీద ఊదారంగు గీత పడింది తప్ప ముద్ర పడలేదు. రెండో ఫారం తీసి, కింద పుస్తకం పెట్టి, ఆవిడ మడమ పట్టుకుంటే అప్పుడు పడింది. డబ్బు ఎవరి చేతికి ఇవ్వమంటారని అడిగాను. ఆయన కళ్ళతో భార్యని చూపించారు. ఆ చూపే నాకు కావాల్సింది. తర్వాత ఆవిడ కొంగుతో ఆ వేలు తుడుస్తూనే ఉంది, ఇంకు పోకపోయినా.

ఈ కథ విని మీరు ఇంటికెళ్ళి, ఏముందిలే కాలి వేలు ఉందిగా అనుకుంటే మాత్రం నా మీద పాపం పడుతుంది. ఆయనకి ఒళ్ళు పనిచేయలేదు, బుర్ర పనిచేసింది. తన డబ్బు తీస్తున్నారని, ఎంత తీస్తున్నారని, ఎవరికిస్తున్నారని తెలుసు. అదే కోమాలో ఉన్న మనిషి కాలి వేలు పట్టుకుని ముద్ర వేయిస్తే అది ముద్రే కాదు. బతికున్న మనిషి ఒప్పుకున్నట్టు మనం దొంగ కాగితం పుట్టించినట్టు.

జీపీఏ ఉంది కదండీ అంటారు. చాలామంది చదువుకున్నవాళ్ళే అంటారు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మా అబ్బాయి పేరున రాసి రిజిస్టర్ చేయించాను, ఇంక నాకు బెంగ లేదు అని. అయ్యా, 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 201వ సెక్షను చదవండి. రాసిచ్చిన మనిషి చనిపోయినా, మతి స్థిమితం తప్పినా ఆ అధికారం అక్కడితో ఆగిపోతుంది. అంటే మీకు ఒంట్లో బాగుండి, అబ్బాయి చేసే పని మీరూ చేసుకోగలిగినంతకాలం ఆ జీపీఏ పనిచేస్తుంది, మీరు చేసుకోలేని రోజు వచ్చేసరికి అదీ పోతుంది. గొడుగు ఎండలో ఉండి వానకి మాయమైనట్టు. ఇంగ్లండులో, అమెరికాలో మతి తప్పాక కూడా చెల్లే పవర్ ఆఫ్ అటార్నీ రాసుకునే వీలుంది. మన దగ్గర అలాంటి చట్టం లేదు. ఇంటర్నెట్‌లో చదివి, అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి ఫారాలు పంపిస్తే ఇక్కడ పనికిరావు, ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇంకా విచిత్రం చెప్తాను. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో, మతి తప్పిన మనిషి ఆస్తి చూడటానికి జిల్లా కోర్టు ఒకరిని నియమించే ఏర్పాటు ఉండేది. దాని స్థానంలో 2017లో కొత్త చట్టం వచ్చింది, చాలా విషయాల్లో మంచి చట్టమే, కానీ అందులో ఆ భాగం లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది గానీ అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్ళ కోసం. 75 ఏళ్ళకి డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు వచ్చిన మా నాన్నలాంటి మనిషి ఆ జాబితాలో లేడు. అందుకని ఇళ్ళవాళ్ళు హైకోర్టుకి వెళ్ళి రిట్ వేసి, మమ్మల్ని సంరక్షకులుగా నియమించండని అడుగుతున్నారు. కోర్టులు కరుణించి ఇస్తున్నాయి కూడా, కేరళ హైకోర్టు 2019లో కోమాలో ఉన్నవాళ్ళ విషయంలో ఏమేం చూడాలో మార్గదర్శకాలే పెట్టింది. కానీ మంచం పక్కన డైపర్లు మార్చే మనిషిని హైకోర్టు మెట్లెక్కమనడం ఏం న్యాయమో నాకు తెలియదు.

నాన్న సంగతి వచ్చింది కాబట్టి చెప్తాను. దీపం కింద చీకటి అంటారే, అది మా ఇల్లు. ఊరందరి ఖాతాలూ సరిచేసిన నేను మా నాన్న ఖాతాలు చూడలేదు. అమ్మ పోయాక అన్నీ ఆయన ఒక్కరి పేరునే ఉండిపోయాయి. నామినీగా నా పేరు పెట్టారు. జీపీఏ కూడా నా పేరునే ఉంది. మతిమరుపు మొదలయ్యాక నాలుగేళ్ళు మా దగ్గరే ఉన్నారు. రెండో ఏడు ఖర్చులు పెరిగి, ఆయన ఎఫ్‌డీ ఒకటి మెచ్యూరిటీకి ముందే తీద్దామని ఆ బ్యాంకుకి తీసుకెళ్ళాను. అది నేను పనిచేసిన బ్యాంకు కాదు. సంతకం పెట్టమంటే పెట్టారు, ఎప్పుడో ఉద్యోగంలో చేరినప్పుడు పెట్టేవారట, ఆ పాత సంతకం. అక్కడున్న ఆఫీసరు కుర్రాడు, మా అబ్బాయి వయసే, మర్యాదగా అడిగాడు. సార్, ఎంత తీసుకుంటున్నారు? నాన్న నా వైపు చూసి, ఎవరి డబ్బు రా అన్నారు.

ఆ అబ్బాయి ఫారం వెనక్కి ఇచ్చేశాడు. సారీ సార్, నేను చేయలేను అన్నాడు. బయటికొచ్చి ఆటో ఎక్కేదాకా నేను తిట్టని తిట్టు లేదు. ఇంటికెళ్ళి నీళ్ళు తాగాక అనిపించింది, ఆ సీట్లో నేనుంటే నేనూ అదే చేసేవాణ్ణి. అతను చేసింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు. తప్పు నాది. అంతకు మూడేళ్ళ ముందు పావుగంట కూర్చుని ఆ ఎఫ్‌డీలన్నీ జాయింటుగా మార్పించి ఉంటే సరిపోయేది.

తర్వాత రెండేళ్ళూ నా పెన్షన్లోంచి, అన్నయ్య పంపినదాంట్లోంచి నెట్టుకొచ్చాం. ఆయన పోయారు. నామినీగా కాగితాలిచ్చాను. చనిపోయినవాళ్ళ క్లెయిములు కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో తేల్చాలని రూలు, అలాగే తేల్చారు. బతికుండగా ఆయన మందులకి రాని డబ్బు, ఆయన పోయిన నెలలో గబగబా వచ్చి నా ఖాతాలో పడింది. ఆ మెసేజీ చూసుకుని నేనూ మా ఆవిడా ఏం మాట్లాడుకోలేదు.

డబ్బు పడగానే మా చెల్లెలు ఫోన్ చేసింది. నామినీవి నువ్వే కదా అన్నయ్యా, మరి మాకు? అంది. అడగాల్సిన ప్రశ్నే. నామినీ అంటే డబ్బు పుచ్చుకునే మనిషి, అంతవరకే. సొంతదారు అయిపోడు. సుప్రీం కోర్టు 1984లో బీమా పాలసీ కేసులో ఈ మాటే చెప్పింది, 2023 డిసెంబరులో షేర్ల విషయంలోనూ అదే చెప్పింది. నామినీ తీసుకుని, వీలునామా ఉంటే దాని ప్రకారం, లేకపోతే వారసత్వ చట్టం ప్రకారం పంచాలి. బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రుల్ని, భార్య లేదా భర్తని, పిల్లల్ని నామినీగా పెడితే ఆ డబ్బు వాళ్ళదే అన్నారు. మా ఇంట్లో మూడు వాటాలు చేశాం. వీలునామా లేకుండా హిందూ పురుషుడు పోతే భార్య, కొడుకులు, కూతుళ్ళు, తల్లి, వీళ్ళందరికీ సమానం. తల్లి ఉంది చూశారా ఆ వరసలో, చాలామందికి తెలియదు. కొడుకు ముందే పోతే ఆ తల్లికి వాటా ఉంటుంది, కోడలు ఆవిణ్ణి పక్కకి నెట్టేసే ముందు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకి నలుగురి దాకా నామినీలుగా పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో రాయొచ్చు. లాకరుకైతే ఒకరి తర్వాత ఒకరు అన్న వరసలోనే. మంచి మార్పు. పాత ఖాతాలు ఓసారి తీసి చూసుకోండి, పెళ్ళికి ముందు పెట్టిన నామినీ అలాగే ఉండిపోయిన ఖాతాలు నేను ఎన్నో చూశాను. మొగుడు పోయి భార్య వస్తుంది, నామినీ ఎవరా అని చూస్తే పోయి పదేళ్ళయిన అత్తగారు.

సరే, మరి ఆ మధ్యకాలానికి ఏం చేయాలి? మంత్రం ఏమీ లేదు, నాలుగైదు చిన్న పనులున్నాయి, అన్నీ సంతకం గట్టిగా ఉన్నప్పుడే చేయాల్సినవి.

జాయింట్ ఖాతా. ఫారంలో ఒక చిన్న గడి ఉంటుంది, ఐదర్ ఆర్ సర్వైవరా, ఫార్మర్ ఆర్ సర్వైవరా, జాయింట్లీయా అని. జనం చూడకుండా టిక్కు పెట్టించేసుకుంటారు. ఐదర్ ఆర్ సర్వైవర్ అంటే ఇద్దరిలో ఎవరైనా నడపొచ్చు. ఫార్మర్ ఆర్ సర్వైవర్ అంటే మొదటి మనిషి ఉన్నంతకాలం రెండో మనిషికి ఏ హక్కూ లేదు. మన మధ్యకాలానికి ఈ రెండోది ఎందుకూ కొరగాదు. జాయింట్లీ అయితే ఇద్దరి సంతకాలూ కావాలి, ఇంకా దండగ. ఇంకో మెలిక, ఎఫ్‌డీ మీద ఐదర్ ఆర్ సర్వైవర్ అని ఉన్నా, గడువుకి ముందే తీయాలంటే మామూలుగా ఇద్దరి సంతకాలూ అడుగుతారు. ఒక్కరే ముందుగా తీసుకోవచ్చని డిపాజిట్ వేసేటప్పుడే, లేదా తర్వాతైనా, ఇద్దరూ కలిసి రాసిచ్చి ఉండాలి. ఆ ఒక్క పేజీ కాగితం గురించి కౌంటర్లో ఎవరూ మీకు చెప్పరు. మీరే అడగాలి.

జాయింటు అనగానే పెద్దవాళ్ళ మొహాల్లో ఒక భయం కనిపిస్తుంది. కొడుకు మొత్తం ఊడ్చేస్తే? న్యాయమైన భయమే. అందుకని ఉన్నదంతా జాయింటు చేయమని నేను చెప్పను. ఒకటిన్నర రెండేళ్ళ ఇంటి ఖర్చు, వైద్యం ఖర్చు వచ్చేంత సొమ్ము ఒక ఖాతాలో విడిగా పెట్టి దాన్ని మాత్రం మీరు నమ్మే మనిషితో జాయింటు చేయండి. మిగతావి మీ చేతిలోనే, భార్యాభర్తల పేరునే ఉంచుకోండి. ఆస్తులు ఎక్కువున్నవాళ్ళు, పిల్లల్లో ఒకరు బుద్ధి ఎదగనివాళ్ళున్న ఇళ్ళవాళ్ళు 1882 నాటి ట్రస్టుల చట్టం కింద ప్రైవేటు ట్రస్టు గురించి, అంటే ఫలానావాళ్ళ కోసం అని ఆస్తిని ట్రస్టీ అనే నమ్మకస్తుడి చేతిలో పెట్టే ఏర్పాటు గురించి, లాయరుతో మాట్లాడండి. ట్రస్టులో పెట్టిన ఆస్తికి మీ మతి తప్పినా ట్రస్టీ కొనసాగుతాడు, జీపీఏలాగా ఆగిపోదు.

వీలునామా దగ్గరికి వస్తే దాని చుట్టూ ఉన్నన్ని అపోహలు ఇంకెక్కడా లేవు. స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్లకాగితం మీద మీ చేత్తో రాసినా చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. కావాల్సింది ఇద్దరు సాక్షులు, మీరు సంతకం పెట్టడం వాళ్ళు చూడాలి, మీ ఎదుట వాళ్ళు పెట్టాలి. అందులో ఏముందో సాక్షులు చదవక్కర్లేదు. ఆస్తి ఎవరికి వస్తోందో వాళ్ళని సాక్షిగా పెట్టకండి, మీ వయసు స్నేహితుణ్ణి కూడా పెట్టకండి, మీరు పోయాక కోర్టుకొచ్చి చెప్పాల్సింది అతనే, అప్పటికి అతనూ ఉండకపోతే? పదేళ్ళు చిన్నవాణ్ణి చూసుకోండి. ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, ఆఖరిది చెల్లుతుంది. ముస్లిం కుటుంబాల్లో లెక్క వేరు, మామూలుగా మూడో వంతుకి మించి వీలునామా రాయాలంటే మిగతా వారసులు ఒప్పుకోవాలి.

ఇంక నాకు కోపం వచ్చే విషయం. బతికుండగానే ఇల్లు రాసిచ్చేయడం. పిల్లలు పోట్లాడుకోకూడదని, స్టాంపు డ్యూటీ పెరుగుతుందట అని, కోడలు మొహం మాడ్చుకుందని, కారణాలు వంద. వీలునామా మార్చుకోవచ్చు, రిజిస్టరైన దానపట్టాని మనసు మారిందని వెనక్కి తీసుకోలేం. రాసిచ్చిన మర్నాటి నుంచి ఆ ఇంట్లో మీరు చుట్టం. తప్పకుండా ఇవ్వాలనుకుంటే రెండు వాక్యాలు అందులో రాయించండి. మేం బతికున్నంతకాలం ఈ ఇంట్లో ఉండే హక్కు మాదే అన్నది ఒకటి, మా తిండి, బట్ట, వైద్యం చూడాలన్న షరతు మీద ఇస్తున్నాం అన్నది రెండోది. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం వచ్చింది, 60 దాటినవాళ్ళకి వర్తిస్తుంది. దాని 23వ సెక్షను ప్రకారం, చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి పుచ్చుకుని చూడకపోతే ఆ బదిలీని ట్రిబ్యునల్ రద్దు చేయొచ్చు. 2022లో ఒక కేసులో ఆ షరతు ఉన్నట్టు రుజువు లేదని సుప్రీం కోర్టు తల్లి అడిగింది కాదంది. 2025 జనవరిలో ఇంకో కేసులో, చూసుకుంటానని కొడుకు విడిగా రాసిచ్చిన కాగితం ఉంది కాబట్టి తల్లి ఆస్తి తల్లికి ఇప్పించింది. రెంటికీ తేడా ఆ కాగితమే. ప్రేమగా అనుకున్న మాట కోర్టులో కనపడదు.

ఆ చట్టం కిందే నెలకి 10,000 రూపాయల దాకా పోషణ ఖర్చు కూడా ఇప్పిస్తారు. పిల్లలు లేనివాళ్ళయితే, రేపు వాళ్ళ ఆస్తి ఎవరికి చేరుతుందో ఆ బంధువు చూడాలి. మన రెండు రాష్ట్రాల్లో ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవాలి, లాయరు లేకుండా మీరే రాసి ఇవ్వొచ్చు. సలహా కావాలంటే 14567కి ఫోన్ చేయండి, కేంద్ర ప్రభుత్వం వృద్ధుల కోసం పెట్టిన ఎల్డర్‌లైన్, డబ్బులేం తీసుకోరు.

ఇప్పుడు ఈ పక్కన కూర్చున్నవాళ్ళతో మాట్లాడతాను, చూసుకునేవాళ్ళతో. మా నాన్నని నాలుగేళ్ళు చూసింది నేను కాదు, మా ఆవిడ. స్నానం, అన్నం, రాత్రిళ్ళు లేచి తలుపు తీసుకుని వెళ్ళిపోకుండా కాపలా. చట్టం దృష్టిలో ఆవిడకి మామగారి ఆస్తిలో చిల్లిగవ్వ రాదు. భర్త బతికున్న కోడలు వారసురాలు కాదు. పదేళ్ళు చాకిరీ చేసిన కోడలికి, పెళ్ళి మానుకుని దగ్గరున్న మేనకోడలికి, ఏదైనా ఇవ్వాలని పెద్దవాళ్ళకి ఉంటే అది వీలునామాలో పేరు పెట్టి రాయాలి. రాసేటప్పుడు ఎందుకిస్తున్నారో కూడా ఒక వాక్యం రాయండి, కొడుకులు రేపు దాన్ని సవాలు చేసినప్పుడు ఆ వాక్యం ఆవిడ పక్కన నిలబడుతుంది.

చూసుకునేవాళ్ళు ఒక నోటుబుక్కు పెట్టండి. పెద్దాయన డబ్బులోంచి ఎంత తీశారు, దేనికి పెట్టారు, బిల్లు స్టేపుల్ చేయండి. మా అన్నయ్య చాలా మంచివాడు, అయినా మూడో ఏడు ఒక పండక్కి వచ్చినప్పుడు, నాన్న పెన్షన్ ఎటు పోతోందిరా అన్నాడు. మామూలుగానే అడిగాడేమో, మా ఆవిడ మాత్రం వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. నేను నోటుబుక్కు తెచ్చి టేబుల్ మీద పెట్టాను. వాడు తెరవలేదు, కానీ అది అక్కడుండటం వల్ల మాటలు పెరగలేదు. నెలకోసారి ఆ పేజీ ఫోటో తీసి అన్నదమ్ముల గ్రూపులో పెట్టేయండి, అడిగించుకోవద్దు.

ఫోన్ నంబరు. ఇది చిన్న విషయంలా ఉంటుంది. నాన్న పోయిన పదో రోజో ఎప్పుడో, ఇంక ఎందుకులే అని ఆయన సిమ్‌కి రీచార్జి ఆపేశాను. కరెంటు, గ్యాసు, ఇంటిపన్ను, మెడికల్ పాలసీ, అన్నిటి ఓటీపీ ఆ నంబరుకే. ఆరు నెలలు పట్టింది అవన్నీ మార్చుకోవడానికి. పెద్దవాళ్ళ నంబరు ఎందుకు ఇచ్చారో ఎక్కడెక్కడ ఇచ్చారో రాసి పెట్టుకోండి, ఆ సిమ్ బతికించి ఉంచండి. అలాగే లైఫ్ సర్టిఫికెట్, పెన్షన్ ఆగకుండా ఏటా ఇవ్వాల్సిన బతికున్నామన్న రుజువు. నవంబరు వస్తోందంటే టెన్షన్ పడి మంచాన ఉన్నవాళ్ళని కుర్చీలో మోసుకొస్తారు. ఇప్పుడు ఫోన్లో మొహం చూపించి ఇంటి నుంచే ఇవ్వొచ్చు. కేంద్ర పెన్షనర్లలో 80 దాటినవాళ్ళకి అక్టోబరు 1 నుంచే తీసుకుంటారు. 70 దాటినవాళ్ళకి, నడవలేనివాళ్ళకి బ్యాంకు మనిషి ఇంటికి రావాలని రిజర్వ్ బ్యాంకు 2017లోనే చెప్పింది, అడగండి, సిగ్గుపడకండి. పోలీసులమని వీడియో కాల్ చేసి, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం అంటే ఫోన్ పెట్టేయండి, అలాంటి అరెస్టు మన చట్టంలో లేదు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

వైద్యం గురించి ఒక్కటి. వెంటిలేటర్ మీద పెట్టాలా వద్దా అని ఐసీయూ బయట అన్నదమ్ములు కొట్టుకోవడం చూశాను. కోలుకునే ఆశ లేనప్పుడు నాకు ఏ చికిత్స వద్దో ముందే రాసి పెట్టుకునే హక్కు మనకుందని సుప్రీం కోర్టు 2018 మార్చి 9న చెప్పింది. అప్పట్లో దానికి మేజిస్ట్రేట్ సంతకం కావాలన్నారు, ఎవరికీ అయ్యే పని కాలేదు. 2023 జనవరిలో సులువు చేశారు, ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసరు గానీ ధ్రువీకరిస్తే చాలు. మీ తరఫున నిర్ణయం చెప్పేవాళ్ళ పేర్లు ఒకటి కాదు, రెండు మూడు రాయండి. అది చూపించగానే ప్లగ్గు పీకేస్తారని భయపడొద్దు, రెండు అంచెల్లో డాక్టర్ల బోర్డులు చూశాకే ఏదైనా. ఈ మాటలు వీలునామాలో రాసి బీరువాలో పెడితే ఉపయోగం లేదు, వీలునామా తెరిచేది కర్మకాండలయ్యాక.

టైమ్ అయిపోయిందంటున్నారు. ఒక ప్రశ్న తీసుకుంటాను. అమ్మాయి చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉంది, చెప్పమ్మా.

(ప్రశ్న: మా అమ్మకి పోయిన నెలలోనే మతిమరుపు జబ్బు మొదలైందని డాక్టరు చెప్పారు. ఇప్పుడు వీలునామా రాయిస్తే చెల్లుతుందా?)

చెల్లుతుందమ్మా, చెల్లొచ్చు. జబ్బు పేరు కాగితం మీద పడగానే హక్కు పోదు. 1925 నాటి వారసత్వ చట్టంలోనే ఉంది, మామూలుగా మతి నిలకడ లేని మనిషి కూడా నిలకడగా ఉన్న సమయంలో రాయొచ్చు. రాసే ఆ గంటలో తనకేం ఆస్తి ఉందో, తనకెవరెవరున్నారో, ఎవరికేం ఇస్తోందో ఆవిడకి తెలిసుంటే చాలు. కానీ ఆలస్యం చేయకు, వచ్చే నెల అనుకోకు. పొద్దున పూట చెయ్యి, ఈ జబ్బున్నవాళ్ళలో చాలామందికి సాయంత్రానికి బుర్ర మసకబారుతుంది. చూసే డాక్టరు చేత అదే రోజు, అదే తేదీతో సర్టిఫికెట్ రాయించు, వీలైతే ఆయన్నే ఒక సాక్షిగా ఉండమని అడుగు. రిజిస్టర్ చేయించు. బ్యాంకు ఖాతాల సంగతి కూడా అదే వారంలో చూసుకో, ఐదర్ ఆర్ సర్వైవర్, గడి చూసి టిక్కు పెట్టించు.

ఇంకొకటి, నువ్వు ఏమీ అనుకోకపోతే. ఎవరికి ఎక్కువ వస్తుందో వాళ్ళే దగ్గరుండి వీలునామా రాయిస్తే కోర్టులు దాన్ని అనుమానంగా చూస్తాయి. అందుకని లాయరుని మాట్లాడు, ఆటో మాట్లాడు, అమ్మకి కళ్ళజోడు ఇవ్వు, మంచినీళ్ళు పక్కన పెట్టు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టాక నువ్వు గదిలో ఉండకు.